మోడల్ ఏ కారుకి బానెట్ మన చేత్తోనే: గ్యారేజీ హాట్ రాడ్‌కి రేకు పని

మా గ్యారేజీ గోడకి ఒక బానెట్ వేలాడుతూ ఉంటుంది. అది ఏ కారుకీ పట్టదు. నేను చేసిన మొదటి బానెట్ అది. రేకు బాగానే కోశాను, మడతలు సూటిగానే వచ్చాయి, వెల్డింగ్ కూడా చివరికి పరవాలేదనిపించింది. తీరా ఇంజన్ ఎక్కించి, కారును చక్రాల మీదికి దింపి, బానెట్ పెట్టి చూస్తే ఎడమ పక్క సందులో చిటికెన వేలు దూరింది, కుడి పక్క విజిటింగ్ కార్డు కూడా దూరలేదు. అది పట్టకపోవడానికి కారణం ఒకటే: ఖాళీ ఛాసిస్ స్టాండ్ల మీద ఉండగా కొలతలు తీసుకున్నాను. మూడు వారాంతాల పని గోడకెక్కింది.

కాబట్టి ఇందులో కత్తెర పట్టకముందు చేయాల్సిన పని గురించే కాస్త ఎక్కువ చెబుతాను. ఇక్కడ మిషిగన్‌లో అందరూ హుడ్ అంటారు. నా నోటికి మాత్రం బానెట్ అనే వస్తుంది, అదే రాస్తున్నాను.

హాట్ రాడ్ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు చవగ్గా కొని, మడ్‌గార్డులు ఊడబీకి, బరువు తగ్గించి, ఇంజన్‌కి బలం పెంచి మ్యురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పందేలు వేసుకునేవాళ్లు. ఆ పందేలకి ఒక పద్ధతి తేవడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. వాళ్ల చేతికి ఎక్కువగా దొరికిన బండ్లు రెండు. ఒకటి 48 లక్షలకు పైగా తయారైన ఫోర్డ్ మోడల్ ఏ. రెండోది 1932 ఫోర్డ్: 221 ఘనపుటంగుళాల, 65 హార్స్‌పవర్ వీ8 ఇంజన్‌తో సామాన్యుడికి అందే ధరలో వచ్చిన కారు. ఆ 32 గ్రిల్ ఎంత అందంగా ఉంటుందంటే, మోడల్ ఏ ఉన్నవాడు కూడా ముందు దాన్నే తగిలిస్తాడు. నాదీ అదే కథ: 1930 మోడల్ ఏ కూపే, ముందు 1932 గ్రిల్ షెల్, అంటే రేడియేటర్ చుట్టూ గ్రిల్‌కి చట్రంలా ఉండే రేకు తొడుగు. ఈ రెండూ ఫ్యాక్టరీలో ఎప్పుడూ కలవలేదు కనక ఫ్యాక్టరీ బానెట్ ఏదీ వీటి మధ్య కూర్చోదు. ఈ జంటకి రెడీమేడ్ బానెట్లు అమ్మేవాళ్లున్నారు. కాని రేడియేటర్ అంగుళం వెనక్కి జరిపినా, షెల్ కాస్త కురచ చేసినా అవీ పట్టవు.

ముందు కారు, తర్వాతే బానెట్

బానెట్‌కి తనదంటూ కొలత ఉండదు. వెనక కౌల్, అంటే విండ్‌షీల్డ్ ముందుండే బాడీ ముక్క. ముందు గ్రిల్ షెల్. ఈ రెండింటి మధ్య మిగిలిన ఖాళీయే దాని కొలత. వీటిలో ఏది పావంగుళం కదిలినా బానెట్ పోయినట్టే. ఇంజన్, గేర్‌బాక్సు కలిపి దాదాపు మూడు క్వింటాళ్లు ఉంటాయి. ఆ బరువు పడగానే తొంభై ఏళ్ల నాటి ఫ్రేమ్ కొద్దిగా వంగుతుంది, స్ప్రింగులు దిగుతాయి, కౌల్ తల వంచుతుంది.

అందుకని ముందు ఇవన్నీ పూర్తి చేయండి. బాడీని ఫ్రేమ్‌కి బోల్టులతో బిగించి, కింద షిమ్ములు (ఎత్తు సరిచేసే పల్చటి పలకలు) పెట్టి, రెండు తలుపులూ చేత్తో తోస్తే మూసుకునేలా సర్దండి. తలుపుల సందులు కుదరకుండా బానెట్ మొదలుపెడితే, రేపు తలుపు కోసం షిమ్ము మార్చినప్పుడల్లా కౌల్ కదులుతుంది. ఇంజన్, గేర్‌బాక్సు, రేడియేటర్ ఎక్కించండి. రేడియేటర్‌లో నీళ్లు కూడా పోయండి. కారును నేల మీద నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోయండి, అప్పుడే స్ప్రింగులు తమ చోటుకి వస్తాయి.

ఇప్పుడు మూలలు చూడాలి. కౌల్ నడిమి నుంచి షెల్ నడిమికి దారం కట్టండి. తర్వాత కౌల్ ఎడమ మూల నుంచి షెల్ కుడి అంచుకి, కుడి మూల నుంచి ఎడమ అంచుకి టేపు పట్టండి. ఇల్లు కట్టే మేస్త్రి ముగ్గు పోసేటప్పుడు గది మూలమట్టం చూసుకునే పద్ధతే ఇది. రెండు కొలతల మధ్య తేడా 1/16 అంగుళం, అంటే మిల్లీమీటరున్నర దాటకూడదు. దాటితే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య రేకు గోడ) నుంచి రేడియేటర్‌కి వెళ్లే రాడ్ల నట్లు తిప్పి సర్దండి. అక్కడ కుదరకపోతే రేడియేటర్ కింద రబ్బరు ముక్క మందం మార్చండి.

తర్వాత కంటి పని. మాస్కింగ్ టేపును కౌల్ పక్కనున్న బాడీ గీత నుంచి షెల్ దాకా బిగించి అంటించండి. బానెట్ పై భాగమూ పక్క భాగమూ కలిసే గీత అదే కాబోతోంది. ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూడండి, ఫోన్‌లో ఫొటో తీసి చూడండి, మర్నాడు పొద్దున మళ్లీ చూడండి. ముందు వైపు కొద్దిగా దిగితే కారు ఉరకబోతున్నట్టుంటుంది. అదే ముందు వైపు లేస్తే ముక్కు ఎగరేసినట్టుంటుంది. షెల్ ఎత్తు ఎక్కువైందని తేలితే దాన్ని కురచ చేయాల్సిన సమయం ఇదే. దాని గురించి కింద చెప్తాను.

చివరిగా, ఇంజన్ మీద ఎత్తైనది ఏదో చూసుకోండి. సాధారణంగా ఎయిర్ క్లీనరే. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కగానే ఒక పక్కకి ఒరుగుతుంది. అంగుళం ఖాళీ ఉంచండి.

ఏ రేకు

స్టీల్ అయితే కోల్డ్ రోల్డ్ రేకు, 18 గేజి (1.2 మి.మీ.) లేదా 19 గేజి. 20 గేజి (0.9 మి.మీ.) సులువుగా వంగుతుంది కాని బానెట్ పైభాగానికి వాడితే గాలికి డబ్బా మూతలా కొట్టుకుంటుంది. దాన్ని లోపలి బద్దెలకి వాడుకోండి. అల్యూమినియం అయితే 3003 రకం, హెచ్14 గట్టిదనం, 0.063 అంగుళాల మందం, అంటే 1.6 మి.మీ. 6061-టీ6 అనే గట్టి రకం దుకాణంలో తళతళలాడుతూ ఊరిస్తుంది. దాన్ని కొనకండి, ఇరుకు మడత దగ్గర చిట్లుతుంది.

బరువు తేడా ఇలా ఉంటుంది: 18 గేజి స్టీల్ చదరపు మీటరుకి 9.5 కిలోలు, పైన చెప్పిన అల్యూమినియం 4.4 కిలోలు. చేతికి హాయిగా ఉండేది అల్యూమినియమే. వెల్డింగ్ రానివాడికి మాత్రం అది శత్రువు, కరిగేముందు ఎర్రబడి హెచ్చరించదు, ఒక్కసారిగా బొక్క పడిపోతుంది. మొదటి బానెట్‌కి నా ఓటు స్టీల్‌కే. ఇంకో మాట: గేజి సంఖ్య స్టీల్‌కి ఒకటి, అల్యూమినియానికి ఒకటి. 18 గేజి అల్యూమినియం అడిగితే ఇక్కడ 1 మి.మీ. రేకు చేతిలో పెడతారు. అల్యూమినియాన్ని ఎప్పుడూ మందం చెప్పే కొనండి.

జింకు పూత ఉన్న రేకు వద్దు. వెల్డింగ్ చేసేటప్పుడు తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది.

పనిముట్లు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మా బాబాయికి మొదట్లో వీడియో కాల్‌లో నా గ్యారేజీ చూపించాను. ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకును నలిపి పొంగు తెచ్చే మిషన్) కొనడానికి వెయ్యి డాలర్లు పక్కన పెట్టానని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వాడు. "ఒరే, ముందు రెండు సుత్తులు, ఒక ఇసక సంచి కొనుక్కో. చెయ్యి కుదిరాక మిషన్ గురించి ఆలోచిద్దాం" అన్నాడు. ఆ డబ్బు తర్వాత వెల్డింగ్ మిషన్‌కి పనికొచ్చింది.

నిజంగా కావాల్సినవి: మూడు రకాల రేకు కత్తెరలు (పిడి ఎరుపైతే ఎడమకి తిరిగే కోత, ఆకుపచ్చ అయితే కుడికి, పసుపు అయితే సూటిగా), గుండ్రటి మొహం ఉన్న కొయ్య సుత్తి, చదును సుత్తి, చేతిలో పట్టే ఇనప దిమ్మ (డాలీ అంటారు), తోలు ఇసక సంచి, ఆకురాయి, డజను క్లాంపులు, నాలుగంగుళాల ఇనప పైపు. పొడుగు మడతలకి బ్రేక్ అనే రేకు మడిచే మిషన్ కావాలి. అది కొనక్కర్లేదు, ఏసీ డక్టులు చేసే దుకాణానికి గీతలు గీసిన రేకు తీసుకెళ్తే పది నిమిషాల్లో మడిచి ఇస్తారు. కుదించే, సాగదీసే దవడలున్న చేతి మిషన్ జత మాత్రం కొనండి. అంచుల దగ్గర దానికి బదులు లేదు.

కాగితం చెప్పే మాట

బానెట్ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ భాగం, ఖర్చు లేనిదీ ఇదే.

ముందు కౌల్ మీదా షెల్ మీదా బానెట్ ఆనే చోట అంచు పట్టీ బిగించండి. పాత ఫోర్డుల్లో నేసిన నూలు పట్టీని రివెట్లతో కొట్టేవారు, ఇప్పుడూ దొరుకుతుంది. దాని మందం కొలతలో కలవాలి కాబట్టి మొదటే పెట్టాలి. ఇప్పుడు మందపాటి చార్టు కాగితం తీసుకుని, కౌల్ నుంచి షెల్ దాకా ఒక సగానికి పరిచి టేపుతో అంటించండి. పాత మోడల్ ఏ బానెట్ నాలుగు ముక్కలు: పైన రెండు, పక్కలకి రెండు, మధ్యలో పొడుగునా కీలు. మీరూ అదే పద్ధతిలో చేయండి. నాలుగు చిన్న తప్పులు దిద్దుకోవడం ఒక పెద్ద తప్పు దిద్దుకోవడం కన్నా తేలిక.

కాగితం సాగదు, కుదించుకుపోదు. అదే దాని ఉపయోగం. ఎక్కడ కాగితం హాయిగా పరుచుకుందో అక్కడ రేకును వంచితే చాలు. ఎక్కడ కాగితం అంచు చీర కుచ్చిళ్లలా ముడతలు పడిందో అక్కడ రేకు అంచుని కుదించాలి. ఎక్కడ కాగితం కూర్చోక కత్తెరతో గాటు పెట్టాల్సి వచ్చిందో, గాటు నోరు తెరిచిందో, అక్కడ రేకును సాగదీయాలి. కొబ్బరికాయకి కాగితం చుట్టి చూడండి, ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఈ సంగతులన్నీ కాగితం మీదే రాసుకోండి: "ఇక్కడ కుదించు", "ఇక్కడ పావంగుళం తెరుచుకుంది". ఇదే మీ పటం.

మోడల్ ఏ, 32 షెల్ జంటలో కాగితం చాలావరకు హాయిగానే పరుచుకుంటుంది. షెల్ దగ్గర వంపు ఇరుకు, కౌల్ దగ్గర వెడల్పు. అంటే ఇది గొట్టం కాదు, గరాటు ముక్క. వంపు గీతలు ఒకదానికొకటి సమానంగా పోవు, తాటాకు విసనకర్ర ఈనెల్లా ముందువైపు దగ్గరపడతాయి. ఆ ఈనెల్ని కాగితం మీద పెన్సిల్‌తో గీయండి.

కాగితాన్ని రేకు మీదికి దించేటప్పుడు అంచు మడతలకి అరంగుళం, షెల్, కౌల్ గట్ల వైపు 3/16 అంగుళం (దాదాపు 5 మి.మీ.) సందు లెక్కలోకి తీసుకోండి. రంగు పొరలు కూడా కొంత చోటు తింటాయి. మడతలో రేకు ఎంత "పెరుగుతుందో" తెలియడానికి సూత్రాలు అక్కర్లేదు. అదే రేకులో సరిగ్గా 4 అంగుళాల పట్టీ కోసి, మధ్యలో 90 డిగ్రీలు మడిచి, రెండు కాళ్లనీ బయటి వైపు నుంచి కొలిచి కలపండి. మొత్తం 4 అంగుళాలు దాటి ఎంత వచ్చిందో, ఒక్కో మడతకి అంత తగ్గించి గీయాలి.

కోత, వంపు

గీత మీద కోయకండి, బయట పావంగుళం వదిలి కోయండి. మిగిలింది ఆకురాయితో గీతకి తెచ్చుకోవచ్చు. కోసిన వెంటనే అంచుల పదును తీసేయండి. 18 గేజి రేకు అంచు కూరగాయల కత్తి కన్నా పదునుగా ఉంటుంది, తెగాకే తెలుస్తుంది.

పైపును బెంచీకి క్లాంపు చేసి, రేకు మీద గీసిన మొదటి ఈనె సరిగ్గా పైపు మీదికి వచ్చేలా పెట్టి, రెండు చేతుల అరచేతులతో ఒక్కసారి మెల్లగా నొక్కండి. ఎంత వంగిందో కంటికి ఆనకూడదు. తర్వాతి ఈనెకి జరపండి. మళ్లీ అంతే. ఆ చివర నుంచి ఈ చివరకి ఒక వరస అయ్యాక రేకు తీసుకెళ్లి కారు మీద పెట్టి చూడండి, మళ్లీ రెండో వరస. నాకు ఒక్కో సగానికి ఆరు వరసలు పట్టింది. ఒకే గీత దగ్గర బలమంతా పెడితే అక్కడ మడత గీత పడిపోతుంది. ఆ గీతని తీయడం బానెట్ చేయడం కన్నా కష్టం.

లూవర్లు, అంటే వేడి గాలి పోవడానికి వరసగా ఉండే చీలికలు, వేయించాలనుకుంటే పక్క ముక్కలకి అంచులు మడవకముందే వేయించండి. పెద్ద ప్రెస్సు, అచ్చు ఉన్నవాళ్ల దగ్గరే అది కుదురుతుంది. రేకు మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద ప్రతి చీలిక మొదలూ చివరా గీసి ఇవ్వండి, నోరు వెనక్కి, అంటే డ్రైవర్ వైపు తెరుచుకోవాలని బాణం గుర్తు కూడా వేయండి. ఆ బాణం వేయని ఒక మిత్రుడి కారుకి ఒక పక్క లూవర్లు గాలిని లోపలికి లాగుతున్నాయి. పైభాగానికి కూడా కావాలంటే బానెట్ పూర్తయ్యాక వేయించుకోవచ్చు, కాని మొదటి బానెట్‌కి వానా, లూవర్లూ రెండు తలనొప్పులు ఎందుకు?

పొంగు

పైపు మీద వంచిన రేకు ఒక దిక్కుకే వంగుతుంది. పొడుగు దిక్కులో అది తిన్నగా ఉంటుంది. పూర్తిగా తిన్నగా ఉన్న పొడుగు రేకు కంటికి మధ్యలో దిగినట్టు కనిపిస్తుంది, పైగా ఇంజన్ ఊగుడుకి టకటకమంటుంది. రెండిటికీ మందు ఒక్కటే, నడిమి భాగాన్ని కొంచెం సాగదీసి పొంగు ఇవ్వడం. మూడడుగుల పొడుగులో 1/8 అంగుళం పొంగు చాలు.

రేకు చేయగలిగేవి రెండే: సాగడం, కుదించుకోవడం. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకుని సుత్తితో కొట్టి విగ్రహాలు, గుడి తాపడాలు చేసేవాళ్ల పని చూస్తే ఇది కళ్లకి కడుతుంది. సుత్తికీ దిమ్మకీ మధ్య నలిగిన చోట రేకు పల్చబడి విస్తరిస్తుంది. అలా విస్తరించిన రేకుకి పక్కన చోటు లేక పైకి లేస్తుంది. మనకి కావాల్సిన పొంగు అదే. కొయ్య సుత్తితో ఇసక సంచి మీద, నడిమి నుంచి అంచులకి, ఒక దెబ్బ పక్కన ఇంకో దెబ్బ సగం కలిసేలా తేలిగ్గా కొట్టుకుంటూ రండి. మొదట ఉపరితలం బఠాణీల పళ్లెంలా తయారై గుండె జారుతుంది. కంగారు పడకండి. తర్వాత డాలీ కింద పెట్టి చదును సుత్తితో సవరిస్తే ఆ గుంటలు మాయమై పొంగు మిగులుతుంది. ఇంగ్లిష్ వీల్ ఉన్నవాళ్లు దీన్ని శబ్దం లేకుండా చేస్తారు, అంతే తేడా.

కొట్టేకొద్దీ రేకు బిరుసెక్కుతుంది. స్టీల్ ఈ కాస్త పొంగుకి ఓర్చుకుంటుంది. అల్యూమినియం అయితే మధ్యలో మెత్తబరచాలి. దానికొక పాత చిట్కా ఉంది: ఎసిటిలిన్ ఒక్కదాన్నే వెలిగించి రేకు మీద నల్లటి మసి పట్టించండి, తర్వాత ఆక్సిజన్ కలిపి మామూలు మంటతో పైపైన తిప్పండి. మసి ఎక్కడ ఎగిరిపోయిందో అక్కడ రేకు మెత్తబడింది. అక్కడితో మంట తీసేయాలి. మసి పోయాక ఇంకో పది సెకన్లు పెడితే రేకే పోతుంది.

"రేకుతో కుస్తీ పట్టకురా, నాలుగు దెబ్బలు కొట్టి చెయ్యి పెట్టి చూసుకో" అనేవాడు బాబాయి. కంటి కన్నా అరచేయి నయం. పల్చటి నూలు గ్లవ్ తొడుక్కుని, చేతిని పొడుగునా జారవిడవండి. గ్లవ్ వేసుకుంటే ఒరిపిడి పోయి ఎత్తుపల్లాలే తెలుస్తాయి.

అంచులు, కీలు, లోపలి బద్దెలు

అంచు మడత బానెట్‌కి సగం బలం ఇస్తుంది. షెల్ వైపు వంపు అంచుని నేరుగా మడవబోతే ముడతలు పడుతుంది. ముందు 30 డిగ్రీలు మడిచి, కుదించే మిషన్‌తో అంచును రెండు మూడు చోట్ల నొక్కి, తర్వాత 60, తర్వాత 90. మిషన్ పళ్ల గుర్తులు పడతాయి, అందుకే దాన్ని లోపలికి పోయే మడతకే వాడాలి.

అందం కావాలంటే పక్క ముక్కల కింది అంచులో తీగ చుట్టండి. పాత బిందెల మూతిలో తీగ ఉంటుంది చూడండి, అదే పని. తీగ మందానికి రెండున్నర రెట్లు రేకు అదనంగా వదలాలి: 3 మి.మీ. తీగకి 7.5 మి.మీ.

మధ్య కీలుకి పియానో కీలు అంటారే, ఆ పొడుగు కీలు పట్టీ చాలు. స్టెయిన్‌లెస్‌ది కొనండి. లోపల 20 గేజి టోపీ ఆకారపు బద్దెలు అడ్డంగా రెండు. వీటిని పైరేకుకి వెల్డింగ్ చేయొద్దు, ఎండలో ప్రతి వెల్డు చుక్కా బయటకి కనిపిస్తుంది. అంచులకి మాత్రమే వెల్డు చేసి, మధ్యలో బాడీ ప్యానెళ్లకి వాడే జిగురు చుక్కలు పెట్టండి.

వెల్డింగ్

నా గోడ మీది బానెట్‌కి ఇంకో చరిత్ర కూడా ఉంది. మొదటి అతుకు ఆరంగుళాలు ఒక్క దమ్ములో వెల్డ్ చేశాను. లేవగానే రేకు బంగాళాదుంప చిప్స్‌లా వంగిపోయింది. వేడెక్కిన చోటు చల్లారేటప్పుడు మొదటి కొలత కన్నా చిన్నదవుతుంది, చుట్టుపక్కల రేకును లాగుతుంది. వెల్డింగ్‌లో పోరాటమంతా దానితోనే.

ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతకొద్దు, ఆ మధ్య సందులో నీరు చేరి లోపలి నుంచి తుప్పు తింటుంది. అంచుకి అంచు ఆనించి అతకాలి. టిగ్ (టంగ్‌స్టన్ ములికితో చేసే వెల్డింగ్) అయితే సందు లేకుండా, మిగ్ (తీగ దానంతటదే వస్తూ కరిగే వెల్డింగ్) అయితే రేకు మందానికి సగం సందుతో. టిగ్‌కి ఒక లెక్క ఉంది: మందం అంగుళంలో వెయ్యో వంతుకి ఒక ఆంపియర్. 18 గేజి 0.048 అంగుళాలు కాబట్టి 40 నుంచి 50 మధ్య పెట్టండి. మిగ్ అయితే 0.6 మి.మీ. తీగ, 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్.

అంగుళానికో ట్యాక్, అంటే చిన్న వెల్డు చుక్క, వేయండి. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర, ఒకటి మధ్యలో, అలా దూరం దూరంగా. చెయ్యి పెడితే కాలనంత చల్లారాకే పక్క ట్యాక్. అన్నీ అయ్యాక ట్యాకుల పైభాగం గ్రైండర్‌తో కోసేసి, కింద డాలీ పెట్టి ప్రతి ట్యాక్ మీదా నాలుగు దెబ్బలు వేయండి. కుదించుకున్నది మళ్లీ సాగి రేకు తిన్నబడుతుంది. అప్పుడు మధ్య ఖాళీలు నింపండి, మళ్లీ గ్రైండ్ చేయండి, మళ్లీ కొట్టండి. మిగ్ వెల్డు బిరుసుగా ఉంటుంది, గ్రైండ్ చేయకుండా కొడితే చిట్లవచ్చు. టిగ్ వెల్డు మెత్తన, సుత్తికి లొంగుతుంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నూనె మరకలు తుడవడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడకండి. క్లోరిన్ ఉన్న రకమైతే వెల్డింగ్ వేడికీ వెలుగుకీ ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ప్రాణం పోయే పని. ఎసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ డబ్బాని గ్యారేజీ బయట పెట్టి అప్పుడు వెల్డింగ్ మొదలుపెట్టండి.

మిగతా బాడీ ముక్కలు

పద్ధతి అంతటా ఇదే కాబట్టి క్లుప్తంగా. గ్రిల్ షెల్ కురచ చేయాలంటే పైన తల జోలికి పోకుండా, పక్కలు నిటారుగా ఉన్న చోట అడ్డంగా పట్టీ కోసి తీసేసి కలపాలి. షెల్ కిందికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కోసిన రెండు అంచులూ సరిగ్గా కలవవు. నిలువుగా చిన్న గాట్లు పెట్టి మెల్లగా లోపలికి తెచ్చుకోవాలి. అసలు 1932 షెల్ దొరికితే దాన్ని కోయకండి, అలాంటివి రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. కొత్తగా తయారైనది కొని కోయండి.

ఫైర్‌వాల్, నేల రేకులు 18 గేజిలో చేసి, బీడ్ రోలర్‌తో గట్లు వేస్తే బలం వస్తుంది. గట్టు వేస్తే రేకు చుట్టూ ముడుచుకుంటుంది, అందుకని ఆ ప్రాంతాన్ని ముందే కాస్త సాగదీయండి. వెనక మడ్‌గార్డులు కురచ చేసేవాళ్లు, అసలు వద్దనుకునేవాళ్లు తమ రాష్ట్రం చట్టం ముందే చూసుకోండి, కొన్నిచోట్ల మడ్‌గార్డులు లేకపోతే పోలీసు ఆపుతాడు.

లప్పం, ప్రైమర్, మొదటి వంద మైళ్లు

సన్నటి నల్ల స్ప్రే పైపైన కొట్టి, పొడుగు చెక్కకి సాండ్‌పేపర్ చుట్టి పొడుగునా రుద్దండి. నలుపు పోయిన చోటు మిట్ట, మిగిలిన చోటు పల్లం. పల్లాన్ని ముందు సుత్తితోనే లేపండి. ఇక సుత్తి పని అయిపోయిందనుకున్నాక లప్పం పెట్టండి, అదీ 1/8 అంగుళం లోపే. ఎపాక్సీ ప్రైమర్ రెండు వైపులా వేయాలి, ముఖ్యంగా మడతల లోపల. పై రంగు 2కే (గట్టిపరిచే ద్రవం కలిపి వాడే) యూరథేన్ అయితే అందులోని ఐసోసయనేట్లకి మామూలు మాస్కు చాలదు, బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు కావాలి. నేను ఆ పని బయట ఇచ్చేశాను.

కాని రంగుకి ముందు ప్రైమర్ మీదే వంద మైళ్లు తిప్పండి. ఎయిర్ క్లీనర్ మీద చపాతీ పిండి ముద్ద ఒకటి, డిస్ట్రిబ్యూటర్ మీద ఒకటి పెట్టి బానెట్ మూసి బయల్దేరండి. వచ్చాక ముద్ద ఎంత నలిగిందో కొలవండి. పక్క ముక్కలకి నేను పావు తిప్పుతో ఊడొచ్చే జూస్ ఫాస్టెనర్లు పెట్టాను, పైన ఒక తోలు పట్టీ. జూస్ ఫాస్టెనర్లు విమానాల్లో వాడేవే, కాని రంధ్రం మిల్లీమీటరు పక్కకి పడ్డా పట్టవు. అందుకని బానెట్ కారు మీద ఉండగానే రంధ్రం గుర్తు పెట్టాలి.

నా రెండో బానెట్‌తో తిరిగొచ్చాక ఎయిర్ క్లీనర్ మీది పిండి చెక్కుచెదరలేదు, డిస్ట్రిబ్యూటర్ మీది ముద్ద అర్ధ రూపాయి మందానికి నలిగింది. షెల్ దగ్గర కుడి మూల ప్రైమర్ గీసుకుపోయి ఇనుము కనిపించింది. ఆ మూల మడతని పావు మిల్లీమీటరు ఆకురాయి పట్టి, నూలు పట్టీ కింద ఇంకో రివెట్ కొట్టాను. మర్నాడు ఇంకో వంద మైళ్లు తిప్పాక ఆ మూలలో గీత పడలేదు, అప్పుడు రంగుకి ఇచ్చాను.